అమ్మ వంటగది కోసం శ్రీకాకుళం జిల్లాలో నాలుగు రోజులు

గార మండలంలో, కళింగపట్నానికి కాస్త ఇవతల మా అమ్మ ఇల్లు. పెరట్లో నిలబడితే సముద్రం కనపడదు గానీ రాత్రి సద్దుమణిగాక హోరు వినిపిస్తుంది. ఈ వానాకాలంలో వంటగది గోడ పెచ్చు ఊడి పోపుల పెట్టె మీద పడింది. ప్లైవుడ్ అల్మరా అడుగు ఉబ్బి తలుపు మూసుకోవడం మానేసింది. ఇనప స్టాండు కాళ్లు తుప్పుకి పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఇక బాగు చేయించక తప్పదని విజయనగరం నుంచి నేనూ, మా తమ్ముడి భార్యా బయల్దేరాం.

మరదలు ఫోన్‌లో కొన్ని బొమ్మలు దాచుకుంది. తెల్లటి గోడలు, లేత నీలం, తలుపులు లేని అరలు, అల్లిన బుట్టలు, కిటికీలో పల్చటి తెర. "దీన్ని కోస్టల్ స్టైల్ అంటారట వదినా. మనది కోస్తాయే కదా, మనకెందుకు కుదరదు?" అంది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బొమ్మల్లో ఉన్నవి ఒక్కొక్కటీ చూస్తుంటే అన్నిటికీ మన దగ్గర పేర్లున్నాయి: సున్నం, నీలిమందు, ఉట్టి, తాటాకు బుట్ట, ఖద్దరు. ఆన్‌లైన్‌లో తెప్పించడం మానేసి జిల్లాలోనే తిరిగి చూద్దామనుకున్నాం. ఒక్కటే షరతు పెట్టుకున్నాం. చూడ్డానికి సముద్రంలా ఉన్నది కాదు, సముద్రపు గాలికి నిలబడేదే కొనాలి.

మొదట పొందూరు. విజయనగరం నుంచి ప్యాసింజర్ రైలెక్కి పొందూరు స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణించి ఊళ్లోకి ఆటో. మనిషికింత అని ఎక్కించుకునే ఆటోలే ఎక్కువ. సామాను లేకపోతే అవే మేలు. పొద్దున్నే వెళ్లడం కలిసొచ్చింది, వడికేవాళ్లు పనిలో ఉండగా చూడగలిగాం. ఒక పెద్దావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. దాని పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే, గింజకి అంటుకున్న పీచు తెగకుండా దారిలోకొస్తుంది. వంద కౌంటు నూలు, అంటే మహా సన్నటి నూలు వడికే ఊరిది. ఆవిడ చేతిలో పీచు పొగలా లేస్తుంటే నేను వచ్చిన పనే మర్చిపోయాను.

వంటింటి తెరకి పొందూరు సన్న ఖద్దరు తీసుకోకండి. నేను ఆశపడ్డాను గానీ అక్కడి అమ్మాయే ఆపింది. "పంచెకీ చీరకీ నేసింది అమ్మా ఇది, పోపు ఘాటుకి పెట్టకండి" అని లావు నూలు గుడ్డ చూపించింది. అమ్ముడుపోతే చాలనుకోకుండా తగినది చెప్పిన ఆ అమ్మాయిని ఎప్పటికీ గుర్తుంచుకుంటాను. రంగు వెయ్యని గోధుమ తెలుపు గుడ్డ నాలుగు మీటర్లు తీసుకున్నాం. తెర కుట్టించే ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టి ఆరెయ్యాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే జానెడు పొట్టి అవుతుంది. వేడిగిన్నె పట్టుకోడానికీ, రొట్టెల డబ్బాలో పరవడానికీ కూడా అదే గుడ్డ వాడుతున్నాం.

మొదటి రెండు రాత్రులూ శ్రీకాకుళం టౌన్‌లో, బస్సుల కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లగలిగే లాడ్జిలో ఉన్నాం. ఏసీ గది రోజుకి పద్నాలుగు వందలు. దుప్పట్లు శుభ్రం, బాత్‌రూమ్‌లో వేణ్ణీళ్లు పొద్దున ఎనిమిది దాకానే. రోడ్డు వైపు గది తీసుకోవద్దు, బస్సుల హారన్లు తెల్లారుజామునే మొదలవుతాయి. మేం కొన్న బరువులన్నీ కింద ఆఫీసు గదిలో పెట్టుకోనిచ్చారు, దానికి డబ్బులడగలేదు. ఇలాంటి ప్రయాణానికి అంతకన్నా పెద్ద సాయం లేదు. తిండికి ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఇబ్బంది లేదు.

రెండో రోజు కారు మాట్లాడుకున్నాం. నరసన్నపేట మీదుగా బుడితి, అక్కణ్ణించి టెక్కలి, తిరిగి రాత్రికి టౌన్. డ్రైవరు ఆ పక్క ఊరి కుర్రాడే కాబట్టి బుడితిలో పనిచేసే ఇళ్ల దగ్గరికే తీసుకెళ్లాడు. ఆ ఇళ్లు మాకై మేం వెతుక్కుంటే దొరికేవి కావు. కాబట్టి ఇటు వెళ్లేవాళ్లు బస్సుకన్నా స్థానికుడి బండి చూసుకోవడం మంచిది.

బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ అక్కడికెళ్లాక నాకు ఆ మాట గుర్తు రాలేదు, కొలిమి వేడి గుర్తుండిపోయింది. కరిగిన లోహం మట్టి అచ్చులోకి పోసేటప్పుడు ఎవరూ మాట్లాడరు. చల్లారి అచ్చు పగలగొట్టాక వచ్చే గిన్నె నల్లగా, గరుకుగా ఉంటుంది. ఆకురాయి పట్టీ, చిత్రిక పట్టీ మెరుపు తెస్తారు. ఆ మెరుపులో అడ్డంగా పడ్డ సన్నటి గీతలే ఆ పనికి అందం. ఫ్యాక్టరీ సామానులో ఆ గీతలుండవు.

"గోడకి పెట్టుకోడానికేటమ్మా? వండుకోడానికేటి?" అని అడిగాడు పెద్దాయన.

"రెంటికీ బాబాయ్" అన్నాను.

"అలగైతే వండుకునేదానికి కళాయి పోయించుకో తల్లీ. పులుసులు ఊరకే ఇత్తడిలో కాయకు. సముద్రం గాలికి నల్లబడితే బెంగెట్టుకోకు, చింతపండేసి తోమితే మళ్లీ ఇలాగే వస్తది."

ఆయన చెప్పినట్టే ఒక చెంబు, రెండు గిన్నెలు, అన్నం వడ్డించే గరిటె తీసుకున్నాం. ఇత్తడి కిలోల లెక్కన తూచి ఇస్తారు, పనితనానికి వేరే. బేరం చెయ్యాలనిపించలేదు. మా అమ్మమ్మ చెంబు సొట్ట పోయి ముప్పై ఏళ్లుగా అటక మీద పడి ఉంది. అది తెస్తే సరిచేసి ఇస్తారా అని అడిగితే, తెమ్మన్నాడు. ఈసారి తీసుకెళ్తాను. సముద్రపు రంగు అనగానే అందరూ నీలం, తెలుపు అంటారు గానీ, ఆ రెండిటి పక్కనా ఇత్తడి పసుపు లేకపోతే గది చల్లగా, ఆస్పత్రిలా ఉంటుంది. పొద్దుటెండ ఇసక మీద పడ్డ రంగు అదే కదా.

టెక్కలి మాత్రం మనసు నొప్పించింది. గట్టు రాయి కోసం వెళ్లాం. ఆ చుట్టుపక్కల తవ్వే నీలి గ్రానైటు దేశదేశాలకీ వెళ్తుంది. మన జిల్లా వంటిళ్లలో మాత్రం ఎక్కడెక్కడివో రాళ్లు వేసుకుంటాం. బూడిద రంగు మీద నీలి మచ్చలు, తడి చేస్తే ఇంకా లోతుగా కనిపిస్తాయి. సముద్రం మీద మబ్బు పట్టినప్పటి రంగు. మొదటి దుకాణంలో అడుగు లెక్కన ఒక ధర చెప్పి, పలక ఎంచుకున్నాక చీటీలో కటింగు, అంచు పాలిష్, సింకు కంత, బండి అన్నీ వేరే వేరేగా కలిపారు. మొదటే చెప్పి ఉంటే ఇచ్చేవాళ్లం. ఆడవాళ్లిద్దరు వచ్చారని అలా చేశారేమో అన్న అనుమానం ఇప్పటికీ బాధపెడుతోంది. లేచి వచ్చేశాం. రెండో చోట నోటితో కాదు, కాగితం మీద మొత్తం రాయించుకున్నాకే పలక చూశాం. మీరూ అలాగే చెయ్యండి. ఇంకొక మాట, అద్దంలా మెరిసే పాలిష్ కాకుండా లెదర్ ఫినిష్ అడగండి. నీటి మరకలూ పిండి చారికలూ అంతగా కనపడవు, చేతికి గులకరాయిలా తగులుతుంది. గట్టు ఎత్తు ముప్పై నాలుగు అంగుళాలు వెయ్యబోతే ముప్పై రెండుకి తగ్గించాం. మా అమ్మ పొట్టి మనిషి. బొమ్మలోని వంటగది ఎత్తు ఆవిడకి పనికిరాదు.

మూడో రోజు మధ్యాహ్నం శాలిహుండం. అసలు పని లేకుండా వెళ్లింది ఇదొక్కటే. ఎండ తగ్గాక కొండెక్కాలి, మంచినీళ్లు మనమే పట్టుకెళ్లాలి. పాత బౌద్ధ స్తూపాల ఇటుకలు, కింద వంశధార, నది అంచున పచ్చటి చేలు. అక్కడ కూర్చునే నేల రంగు తేల్చుకున్నాం. నీలి టైల్సు వద్దు, ఎర్ర మట్టి పలకలు చాలు. పైనంతా తెలుపూ నీలం ఉంటే కాళ్ల కింద నేల నేలలాగే ఉండాలి.

ఆ రాత్రి కళింగపట్నం ఒడ్డున గది తీసుకున్నాం. సముద్రం కనిపించే వరండా, సరుగుడు తోపు చప్పుడు, లైట్‌హౌస్ వెలుగు. దానికోసం ఒక్క రాత్రి ఉండొచ్చు. అంతకు మించి వద్దు. తలుపు గడియ తుప్పుతో బిగుసుకుపోయింది, దోమతెర చిరుగులు, కరెంటు రెండుసార్లు పోయింది. రాత్రి భోజనం సాయంత్రం నాలుగింటికే చెప్పాలని మాకెవరూ చెప్పలేదు. వంటమనిషి మాత్రం జాలిపడి, నెత్తళ్ల వేపుడూ చారూ అప్పటికప్పుడు చేసిపెట్టింది. నేనూ వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. మా ప్రయాణమంతటిలో నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

ఆ వంటింటికి ఎదురెదురుగా రెండు కిటికీలు. పొయ్యి గాలికి అడ్డంగా కాకుండా ఓరగా ఉంది. చేపల పని, కత్తిపీట, తొట్టి అన్నీ గుమ్మం బయట చూరు కిందే. లోపల నీచువాసన లేదు, చిమ్నీ కూడా లేదు. గోడకి సున్నం, అందులో చిటికెడు నీలిమందు. ఎండలో తెలుపు, నీడలో నీలం. "ఏటాదీ సంకురాత్రికి ముందు ఏస్తాం అమ్మా. పెయింటేస్తే ఉప్పు లోపలే ఉండిపోయి పొట్టు లేస్తది, సున్నం ఊపిరి తీసుకుంటది" అంది. మా అమ్మ వంటింట్లో పెచ్చులెందుకు ఊడాయో ఆ ఒక్కమాటతో అర్థమైంది. అంతకు ముందు ఏడే తమ్ముడు మంచి ఉద్దేశంతో ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేయించాడు.

తెల్లారి ఒడ్డుకి వెళ్తే తెప్పలు వస్తున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న ఒకావిణ్ణి మరదలు పాత వల ముక్క అడిగింది, గోడకి వేలాడదీద్దామని. ఆవిడ ఇవ్వడానికి సిద్ధపడింది గానీ, "వంటింట్లో వద్దు తల్లీ, జిడ్డూ దుమ్మూ పట్టేస్తది" అని చెప్పింది. మానేశాం. గవ్వలు, శంఖాలు, పగడాలు కూడా అమ్మజూపుతారు. కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకూ, కొన్ని రకాల శంఖాలకూ గవ్వలకూ రక్షణ ఉంది. సముద్రాన్ని ఇష్టపడే ఇంట్లో దాన్ని దోచినవి ఎందుకు?

కొబ్బరి పీచు తాళ్లు మాత్రం తెచ్చుకున్నాం. ఉద్దానం కొబ్బరి తోటల మనిషి ఒకాయన నరసన్నపేటలో కలిశాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆయన చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయట. మళ్లీ నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయని చెప్తున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూశాను. ఆ తాడుతోనే ఉట్లు అల్లించాం. అరల బల్లలకి పనస చెక్క వాడాం. కింది అల్మరాలకి ప్లైవుడ్ తప్పలేదు. కొనేటప్పుడు పలక మీద ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి, అది మెరైన్ గ్రేడు. 303 ముద్ర ఉన్నది మెరైన్ గ్రేడు కాదు. తలుపుల కీళ్లు, స్క్రూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. ఒడ్డుకి మరీ దగ్గరుంటే 316 మేలంటారు, ఖరీదు బాగా ఎక్కువ. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఈ కీళ్ల దగ్గర వద్దు.

సున్నం మేస్త్రీ దొరకడమే కష్టమైంది. కుర్రవాళ్లకి పుట్టీ, ప్రైమరు తప్ప రాదు. చివరికి అమ్మ ఊళ్లోనే డెబ్బై ఏళ్ల తాత ఒప్పుకున్నాడు. సున్నం నానబెట్టి, వడగట్టి, గంజి కలిపి మూడు పూతలు వేశాడు. నీలిమందు ఆఖరి పూతలోనే, మూటకట్టి ముంచి తిప్పాడు. మొదటి పూత చూసి మరదలు కంగారు పడింది, గోడ తడిగా బూడిదరంగులో ఉంది. ఆరాక తెల్లబడింది. పొయ్యి వెనక మాత్రం తెల్ల టైలు పెట్టాం, నూనె చిందేచోట సున్నం నిలవదు.

పని ముగిసి మూడు వారాలైంది. తూర్పు కిటికీ పెద్దది చేయించాం గనక పొద్దున ఆరున్నరకి వెలుగు సూటిగా ఇత్తడి గిన్నెల మీద పడుతుంది. ఖద్దరు తెర నెమ్మదిగా లోపలికి ఉబ్బుతుంది. మేం అందంగా ఉంటుందని కిటికీ పక్కన కట్టిన ఉట్టిని అమ్మ మర్నాడే విప్పించి గది మధ్యలో దూలానికి కట్టించింది. అందులో ఎండు నెత్తళ్ల డబ్బా పెట్టుకుంది. కిటికీ దగ్గరైతే పిల్లికి అందుతుందట.