ఈ85 మీద నడిచే ఎస్‌టీఐకి సర్జ్ ట్యాంకు: రెండేళ్లకు పైగా వాడాక

సుబారు ఎస్‌టీఐకి (టర్బో ఇంజిన్ ఉన్న స్పోర్ట్స్ కారు) ఇంజెక్టర్లు, అంటే ఇంజిన్‌లోకి ఫ్యూయల్ చిమ్మేవి మార్చడం, పెద్ద పంపు వేయడం, ఫ్యూయల్‌లో ఇథనాల్ ఎంతుందో కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ పెట్టి ఈ85కి (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్) ట్యూన్ చేయించుకోవడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, అవన్నీ మళ్లీ చెప్పను. నా 2015 కారులోనూ అవే ఉన్నాయి: ఇంజెక్టర్ డైనమిక్స్ కంపెనీ 1050 ఇంజెక్టర్లు, ట్యాంకులో పెద్ద పంపు, కాబ్ యాక్సెస్‌పోర్ట్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే పరికరం) మీద ఫ్లెక్స్ ట్యూన్. నేను చెప్పదలుచుకున్నది డిక్కీలో వేయించుకున్న సర్జ్ ట్యాంకు, అంటే ఇంజిన్‌కి ఫ్యూయల్ అందడం ఆగకుండా మధ్యలో పెట్టే చిన్న ట్యాంకు గురించి. ఈ కారు మీద పెట్టిన ఖర్చులన్నిట్లో నాకు నిజంగా ధైర్యం ఇచ్చింది అదొక్కటే. నెలల తరబడి నన్ను ఏడిపించింది కూడా దాన్ని బిగించినప్పుడు జరిగిన పనే.

నేనుండేది టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన, అందుకని నా ట్రాక్ డేలు (సొంత కారుని రేస్ ట్రాక్‌లో తోలే రోజులు) ఎక్కువగా సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లోనే. అక్కడ 16, 17, 18 మలుపులు మూడూ కలిసిపోయి ఒకటే పొడుగాటి కుడి మలుపు, స్టీరింగ్ కుడికి అలా పట్టుకునే ఉండాలి. మన కారు ట్యాంకేమో ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (వెనక చక్రాలకి శక్తి పంపే ఇరుసు) అటూ ఇటూ రెండు అరలుగా ఉంటుంది, పంపు కూర్చునేది కుడి అరలో. కుడికి తిరిగినప్పుడు ఫ్యూయల్ అంతా ఎడమకి పరుగెడుతుంది. ట్యాంకు సగానికి దిగాక ఆ మలుపులో పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది, లాగ్ (నడిచేటప్పుడు రికార్డైన రీడింగులు) చూస్తే ఫ్యూయల్ ప్రెజర్ గీత ఒక్కసారిగా కిందికి పడి ఉంటుంది. సరిగ్గా అక్కడే మళ్లీ బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ప్రెజర్) ఎక్కుతూ ఉంటుంది కాబట్టి మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ ఫ్యూయల్ అందదు, నాకింగ్ (సిలిండర్‌లో ఫ్యూయల్ తనంతట తాను పేలినట్టు మండటం) వస్తుంది. ఇందులోని ఈజే257 ఇంజిన్ పిస్టన్ రింగ్‌ల్యాండ్‌లు (పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడుల మధ్య అంచులు) ఎంత సుకుమారమో ఈ కారున్న ప్రతివాళ్లకీ తెలుసు. సర్జ్ ట్యాంకు లేనన్నాళ్లూ ఆ మలుపు దగ్గరికొస్తుంటే టెన్షనే, ఫ్యూయల్ మీటర్ ముల్లు సగానికి దిగితే పిట్స్‌లోకి వచ్చేసేవాణ్ణి. ఈ85 పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఆ సగం ఎంత తొందరగా వచ్చేస్తుందో చెప్పక్కర్లేదు.

సర్జ్ ట్యాంకు చేసే పని మన ఇళ్లలో సంపులోంచి మోటారు నీళ్లు ఎక్కిస్తే మేడ మీది ట్యాంకులోంచి కుళాయిలకి వచ్చినట్టే. కారు ట్యాంకులో ఉన్న పంపు ఆగకుండా డిక్కీలో ఉన్న లీటరున్నర డబ్బాని నింపుతూ ఉంటుంది, దాంట్లో మునిగి ఉన్న ఇంకో పంపు ఇంజిన్‌కి ప్రెజర్ ఇస్తుంది, డబ్బా నిండాక ఎక్కువైంది మళ్లీ కారు ట్యాంకులోకే పోతుంది. మలుపులో కింది పంపు కాసేపు గాలి పీల్చినా డబ్బాలో ఉన్నది చాలు.

బిగించాక మొదటిసారి వెళ్లినప్పుడు ముల్లు పావుకి దగ్గరగా ఉండగా ఆ మలుపు తీసుకున్నాను, కావాలనే. ఆ లాగ్ ఇప్పటికీ దాచుకున్నాను. బేస్ ప్రెజర్ (బూస్ట్ లేనప్పుడు ఉండేది) 43 పీఎస్ఐ, దానికి బూస్ట్ 20 తోడైతే ఫ్యూయల్ రైల్‌లో (ఇంజెక్టర్లకి ఫ్యూయల్ అందించే గొట్టం) 63 ఉండాలి, మలుపు మొదలు నుంచి చివరిదాకా అంతే ఉంది, గీతలో వంకర లేదు. ఆరోజు నాకు కలిగిన ఆనందం ల్యాప్ టైమ్ తగ్గినప్పుడు కూడా కలగలేదు. ఆ ఊపులో తెలిసినవాళ్లందరికీ కళ్లు మూసుకుని వేయించుకోమని చెప్పాను. ఇప్పుడైతే కొన్ని షరతులు పెట్టి చెప్తాను.

ఏమైందంటే, కొన్ని నెలలు గడిచాక ప్రెజర్ పడటం మళ్లీ మొదలైంది, కానీ మలుపులో కాదు! 11వ మలుపు దాటాక వచ్చే పెద్ద స్ట్రెయిట్ చివర్లో, టాప్ గేర్‌లో నిండా తొక్కి ఉన్నప్పుడు 63 ఉండాల్సింది 50కి జారింది. అదీ మొదటి ల్యాప్‌లో లేదు. ఒకటి రెండు ల్యాపులు గట్టిగా తిరిగాకే వస్తుంది, కూల్ డౌన్ ల్యాప్ వేసి బయటికొచ్చి చూస్తే అంతా సవ్యంగా ఉంటుంది. రోడ్డు మీద ఎన్నిసార్లు పరీక్షించినా ఏమీ లేదు. ఇలా కనపడి మాయమయ్యే జబ్బుని షాపువాళ్లకి చూపించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. బిగించిన షాపువాళ్లు ముందు రెగ్యులేటర్ (ఫ్యూయల్ ప్రెజర్‌ని అదుపు చేసేది) అన్నారు, మార్చాం. తర్వాత సర్జ్ పంపు అన్నారు, అదీ కొత్తది వచ్చింది. ఆ తర్వాత వైరింగ్‌లో వోల్టేజ్ పడిపోతోందని బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగారు. వైరింగ్ మంచి పనే, ఎప్పటికైనా చేయించాల్సిందే, కానీ జబ్బు మాత్రం పోలేదు. బిల్లు మాత్రం ప్రతిసారీ వచ్చింది.

చివరికి ట్రాక్‌లో పరిచయమైన, గుంటూరు నుంచి వచ్చిన అన్న ఒకాయన, మిత్సుబిషి ఈవో తోలుతారు, నా లాగ్‌లన్నీ ఓపిగ్గా చూసి ఒకే మాట అన్నారు. “పై పంపు జోలికి పోకు తమ్ముడూ, కింది పంపు ఎంత ఎక్కిస్తోందో ఎవరైనా కొలిచారా?” ఎవరూ కొలవలేదు. మర్నాడు ఆయన గరాజ్‌లోనే, తలుపులన్నీ తెరిచి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని, సర్జ్ ట్యాంకుకి వచ్చే లైను ఊడదీసి కొలత గీతలున్న క్యాన్‌లోకి పట్టాం. నిండా తొక్కితే నా ఇంజిన్ ఈ85 మీద నిమిషానికి మూడు లీటర్ల పైనే తాగుతుంది. కింది పంపు నుంచి నిమిషానికి రెండు లీటర్లు కూడా రావట్లేదు. అంటే ల్యాప్ ల్యాప్‌కీ డబ్బా కొంచెం కొంచెం ఖాళీ అవుతోంది, స్ట్రెయిట్ చివరికి వచ్చేసరికి అయిపోతోంది, నెమ్మదిగా తిరిగితే మళ్లీ నిండుతోంది. రోడ్డు మీద అంతసేపు తొక్కే వీలే లేదు, ఇంక అక్కడెలా కనపడుతుంది?

వెనక సీటు ఎత్తి, ట్యాంకులో పంపుని పట్టి ఉంచే హ్యాంగర్ బయటికి తీస్తే అసలు సంగతి తెలిసింది. సర్జ్ ట్యాంకు వేసినప్పుడు షాపువాళ్లు లోపలి పంపుకీ పైన మూతకీ మధ్య ఉండే జానెడు హోస్ కూడా మార్చారు. మామూలు ఇంజెక్షన్ హోస్, దానిమీద 30ఆర్9 అని అచ్చు ఉంది. లోపలి పొర ఫ్యూయల్‌ని తట్టుకుంటుంది గానీ బయటి పొర ఎప్పుడూ ఫ్యూయల్‌లో మునిగి ఉండటానికి చేసింది కాదు, ట్యాంకు లోపల వాడటానికి 30ఆర్10 అని వేరే ఉంటుంది, ధర కూడా చాలా ఎక్కువ. ఇది ఈ85లో నెలల తరబడి నాని, ఉబ్బి, క్లాంప్ దగ్గర చీలిపోయింది. పంపు తోడుతున్న దాంట్లో సగానికి పైగా ఆ చీలికలోంచి మళ్లీ ట్యాంకులోనే పడిపోతోంది. నల్లటి రబ్బరు పొడి పంపు జాలీకి అంటుకుని ఉంది.

ఇంకో విషయం కూడా అప్పుడే అర్థమైంది. ఎడమ అరలో ఉన్నదాన్ని కుడి అరలోకి లాగే జెట్ పంపుకి వేరే మోటారంటూ లేదు, వెనక్కి తిరిగొచ్చే ఫ్యూయల్ ప్రవాహమే దాన్ని నడుపుతుంది. నా సెటప్‌లో సర్జ్ ట్యాంకు నుంచి పొంగి వచ్చేదే ఆ ప్రవాహం. పొంగడానికేమీ మిగలనప్పుడు జెట్ పంపు కూడా ఆగిపోతుంది. మేం విప్పి చూసేసరికి ఎడమ అర నిండుగా ఉంది, కుడి అర అడుగంటింది, మీటర్ మాత్రం రెండిటి సగటు తీసి సగం ట్యాంకు చూపిస్తోంది. ఆ ముల్లుని నమ్మి నేను ఎన్ని ల్యాపులు నిండా తొక్కానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రింగ్‌ల్యాండ్ పోకపోవడం అదృష్టమే. లీకేజ్ టెస్ట్ చేయించాను, నాలుగు సిలిండర్లూ బాగున్నాయి.

సరైన హోస్, కొత్త జాలీ వేశాక అదే క్యాన్‌తో కొలిస్తే నిమిషానికి ఐదు లీటర్లు దాటింది. అప్పటినుంచి మళ్లీ గీతలో వంకర లేదు, ఆగస్టు ఎండలో కూడా. కొన్ని డాలర్ల హోస్ దగ్గర పొదుపు చేసి ఇంత తిప్పించారని ఆ షాపు మీద కోపం నాకింకా పోలేదు.

సర్జ్ ట్యాంకు మీద మాత్రం నా ఇష్టం తగ్గలేదు. కాకపోతే మొదట్లో చెప్పని సంగతులు కొన్నున్నాయి. డిక్కీలోంచి పంపు కూత వస్తుంది, ట్రాక్‌లో వినపడదు గానీ ఇంట్లోవాళ్లతో డాలస్ వెళ్లేటప్పుడు వెనక కూర్చున్నవాళ్లకి దారి పొడుగునా వినపడుతూనే ఉంటుంది. మొదట వేసిన రబ్బరు లైన్ల వల్ల ఎండలో డిక్కీ తీస్తే వాసన గుప్పుమనేది, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లైన్లకి మార్చాక పోయింది. సెడాన్ కాబట్టి సీటుకీ డిక్కీకీ మధ్య రేకు అడ్డం బిగించాల్సి వచ్చింది, అది లేకుండా ఫ్యూయల్‌ని అక్కడ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అన్నీ కలిపితే ఖర్చు 2,000 డాలర్లు దాటింది, అనవసరంగా మార్చిన పంపూ రెగ్యులేటరూ లెక్కలో కలపకుండానే.

నా పరిస్థితి వేరు. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకో కారుంది, ఈ85 బంకు దగ్గర్లోనే ఉంది, తిరిగే ట్రాక్‌లో అంత పొడుగు కుడి మలుపుంది. రోడ్డు మీద మాత్రమే నడిపేవాళ్లకి, లేదా ట్రాక్‌కి ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకి, ట్యాంకు సగానికి పైన ఉంచుకుంటే చాలనిపిస్తుంది, ఆ డబ్బు టైర్లకి పెట్టుకోవచ్చు. హ్యాంగర్‌లోనే చిన్న సర్జ్ ట్యాంకు కలిపి వచ్చే రకం కూడా ఉంది, డిక్కీలో వాసన, కూత వద్దనుకునేవాళ్లు ముందు అది చూడండి, నేను వాడలేదు కాబట్టి అంతకంటే చెప్పలేను. డిక్కీ రకమే వేయించుకుంటే మాత్రం రెండు పనులు పట్టుబట్టి చేయించుకోండి: వెనక సీటు కింద మూత బిగించే ముందు లోపలి హోస్ మీద అచ్చు కనపడేలా ఫోటో తీయించుకోండి, కారు తీసుకునే రోజే కింది పంపు నిమిషానికి ఎంత ఎక్కిస్తోందో కొలిపించి బిల్లు మీద రాయించుకోండి. తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా పోల్చుకోవడానికి ఆ అంకె చేతిలో ఉంటుంది.