స్ట్రేస్‌తో ఎనిమిదేళ్లు: సిస్టమ్ కాల్స్ కొలవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

2017లో లినక్స్ సర్వర్ల పనిలో పడ్డప్పటి నుంచి స్ట్రేస్ (strace) అనే టూల్ వాడుతున్నాను. ఒక ప్రోగ్రామ్ కెర్నెల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని, ఏం అడుగుతోంది (ఈ అడగడమే సిస్టమ్ కాల్), ఎన్నిసార్లు అడుగుతోంది అన్నది చూడాలంటే ఇప్పటికీ ముందు దీన్నే తీస్తాను. కాల్‌కి ఎంత టైం పట్టిందంటే మాత్రం దీని మాట నమ్మను. అది తెలిసొచ్చింది ఒక అర్ధరాత్రి.

అప్లికేషన్ నెమ్మదించిందని ఫోనొస్తే, నడుస్తున్న ప్రాసెస్‌కి స్ట్రేస్ తగిలించాను. అంతవరకు కుంటుతున్నది కాస్తా పూర్తిగా చతికిలబడింది. స్ట్రేస్ నడిచేది పీట్రేస్ మీద, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని ఆపి చూసేందుకు కెర్నెల్ ఇచ్చే సదుపాయం మీద. ప్రతి కాల్‌కీ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి కెర్నెల్ ప్రోగ్రామ్‌ని ఆపేసి స్ట్రేస్‌ని లేపుతుంది. అది చూసి రాసుకున్నాకే బండి కదిలేది. కావాలంటే మీరే చూడండి: డీడీ అనే కాపీ కమాండ్‌తో డెవ్ జీరో (సున్నాలు ఇస్తూనే ఉండే ఫైల్) నుంచి డెవ్ నల్‌కి (ఏం రాసినా పారేసే ఫైల్) ఒక్కో బైట్ చొప్పున 500కె బైట్లు కాపీ చేయండి. బైట్‌కి ఒక రీడ్, ఒక రైట్, వెరసి 10 లక్షల పైచిలుకు కాల్స్. మామూలుగా చిటికెలో అయిపోతుంది. స్ట్రేస్ కింద పెడితే లేచెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు.

రెండో తలనొప్పి స్ట్రేస్‌కి మైనస్ సి (-c) ఆప్షన్ పెడితే వచ్చే, కాల్స్ మొత్తం లెక్కల పట్టిక. అందులో సెకన్ల గడి చూసి డేటాబేస్ దగ్గర ఆలస్యమే లేదని టీమ్‌కి గట్టిగా చెప్పాను. తీరా చూస్తే ఆ గడి లెక్కేసేది కెర్నెల్‌లో ఖర్చయిన సీపీయూ టైం. జవాబు కోసం రీడ్‌లో నిద్రపోయిన టైం అందులోకి రాదు. గడియారం టైం కావాలంటే మైనస్ డబ్ల్యూ (-w) కూడా ఇవ్వాలి. ఇది మాన్యువల్‌లో ఉంది, చదవనిది నేనే. అయినా కొత్తవాళ్లకి పనికొచ్చేది ఈ రెండో లెక్కే కదా, దాన్నే ముందు పెట్టొచ్చుగా అని ఇప్పటికీ నా గొణుగుడు.

కాల్స్ ఎన్నో లెక్కపెట్టడంలో మాత్రం దీనికి దండం పెట్టాలి. ఒక క్లౌడ్ మెషీన్‌లో క్లాక్_గెట్‌టైమ్ (టైం ఎంతైందని అడిగే) కాల్స్ వరదలా కనిపించాయి. మామూలుగా అది వీడీఎస్ఓ (కెర్నెల్ ప్రతి ప్రోగ్రామ్‌లోనూ పెట్టే చిన్న కోడ్) ద్వారా కెర్నెల్‌లోకి దిగకుండానే పనైపోతుంది కాబట్టి స్ట్రేస్‌కి కనపడకూడదు. కనపడిందంటేనే ఏదో తేడా ఉన్నట్టు. చూస్తే క్లాక్‌సోర్స్ (కెర్నెల్ టైం ఎక్కడి నుంచి తీసుకోవాలన్న సెట్టింగ్) జెన్ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ మీద ఉంది, టీఎస్‌సీకి (ప్రాసెసర్‌లోని కౌంటర్‌కి) మార్చాక వరద ఆగింది. ఇంకోసారి సెంటాస్ 7 అనే పాత లినక్స్‌లో గెట్‌పిడ్‌ని (ప్రాసెస్ నంబర్ చెప్పే ఫంక్షన్) కోటిసార్లు పిలిచి సిస్టమ్ కాల్ భలే చవక అని మురిసిపోయాను. స్ట్రేస్‌లో చూస్తే పడింది ఒక్క కాల్! పాత జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు వాడే సి లైబ్రరీ) ఆ నంబర్‌ని దాచుకుని అదే తిరిగిస్తూ ఉండేది, 2.25 వెర్షన్‌తో ఆ అలవాటు మానేసింది.

ఇప్పుడు లైవ్ సర్వర్ మీద లినక్స్ కొలత టూల్ పెర్ఫ్‌లోని పెర్ఫ్ ట్రేస్ మైనస్ ఎస్ (-s) వాడుతున్నాను. ప్రోగ్రామ్‌ని ఆపకుండా కెర్నెల్‌లో ముందే పెట్టి ఉన్న ట్రేస్‌పాయింట్ల (గమనించే చోట్ల) నుంచి లెక్క తీస్తుంది. ఫైల్ పేర్లు, ఫ్లాగులు విప్పి చూపడంలో స్ట్రేస్ అంత శుభ్రంగా ఉండదు, రద్దీ ఎక్కువైతే కొన్ని ఈవెంట్లు జారిపోతాయి కూడా. కాల్ అసలు ధర కోసం పెర్ఫ్ బెంచ్ ఉంది, గెట్‌పీపిడ్‌ని (తల్లి ప్రాసెస్ నంబర్ అడిగే కాల్) కోటిసార్లు పిలిచి సగటు చెబుతుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక వచ్చిన పేజ్ టేబుల్ విభజన (కెర్నెల్ మెమరీ ప్రోగ్రామ్‌కి కనపడకుండా విడదీయడం) వల్ల ఆ ధర ఎంత పెరిగిందో చూడాలంటే, టెస్ట్ మెషీన్‌ని ఒకసారి నోపీటీఐతో (ఆ విభజనని ఆపే బూట్ ఆప్షన్), ఒకసారి అది లేకుండా బూట్ చేసి పక్కపక్కన పెట్టుకోండి. మరీ కొత్త ప్రాసెసర్ అయితే తేడా కనపడకపోవచ్చు, వాటికి ఆ విభజన అవసరమే లేదు.