మెదడులో పెద్ద అన్యూరిజం: కాయిలింగా, ఫ్లో డైవర్టరా, ఏది మేలు?

అన్యూరిజం అంటే రక్తనాళం గోడ బలహీనపడి తిత్తిలా ఉబ్బడం. దాన్ని మూసే ఈ రెండు పద్ధతుల్లోనూ పుర్రె తెరవరు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం ఎక్కించి మెదడు దాకా తీసుకెళ్తారు. తేడా అంతా అక్కడికి చేరాక చేసే పనిలోనే.

కాయిలింగ్ అంటే ఉబ్బిన తిత్తిలో ప్లాటినం తీగచుట్టలు నింపడం. 1990ల నుంచి ఉన్న పద్ధతి, మెడ (తిత్తి నాళానికి అతుక్కున్న చోటు, అంటే దాని నోరు) సన్నగా ఉన్న చిన్న అన్యూరిజానికి బాగా సరిపోతుంది. 10 మిల్లీమీటర్లు దాటి, మెడ కూడా వెడల్పుగా ఉంటే మాత్రం ఇబ్బందే, ఎందుకంటే ఎంత కూరినా తిత్తిలో ఎక్కువ భాగం గడ్డకట్టిన రక్తమే ఉంటుంది, రక్తం పోటుకి ఆ చుట్టలు రానురాను అణిగిపోయి మెడ దగ్గర మళ్ళీ తెరుచుకోవచ్చు, అప్పుడు మళ్ళీ ఆపరేషన్. అడ్డుగా స్టెంట్ పెట్టి కాయిల్స్ నింపితే కొంత నయం.

ఫ్లో డైవర్టర్ తిత్తిలోకి వెళ్ళదు. చాలా దగ్గరగా అల్లిన ఈ లోహపు గొట్టాన్ని అసలు నాళంలోనే, తిత్తి నోటికి అడ్డంగా పరుస్తారు. రక్తం నాళం వెంట సాగిపోతుంది, తిత్తిలోది కదలక గడ్డకడుతుంది, నెలలు గడిచాక అల్లిక మీద కొత్త పొర పెరిగి నోరు మూసుకుపోతుంది. తిత్తి కుంచించుకుపోతే కంటి నరం మీద ఒత్తిడి కూడా తగ్గవచ్చు. పైప్‌లైన్ అనే డైవర్టర్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2011లో అనుమతి ఇచ్చింది. మన మెడలోంచి మెదడుకి వెళ్ళే కెరోటిడ్ నాళం మీది పెద్ద అన్యూరిజాల్లో దాన్ని పరీక్షించినప్పుడు 6 నెలలకి సుమారు 74 శాతం, ఏడాదికి 87 శాతం పూర్తిగా మూసుకున్నాయి. అదే పరీక్షలో 100కి 5-6 మందికి పెద్ద స్ట్రోకో, నరాల సమస్యతో మరణమో సంభవించింది. ఈ సంగతి సంతకం పెట్టేముందే తెలియాలి.

పగలని పెద్ద అన్యూరిజం, వెడల్పు మెడ, కెరోటిడ్ మీద ఉంది అంటే నా మొగ్గు ఫ్లో డైవర్టర్ వైపే. పగిలి రక్తస్రావం అయితే మాత్రం ముందు కాయిలింగే, ఎందుకంటే డైవర్టర్ పెడితే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ వాడాలి, రక్తస్రావమైన మెదడుకి అవి ప్రమాదం. తిత్తి మరీ పెద్దదైతే, డైవర్టర్ పెట్టిన తర్వాత కూడా అది మూసుకునేలోపు పగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది, అందుకే కొందరు డాక్టర్లు కొన్ని కాయిల్స్ కూడా కలిపి పెడతారు.

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఆ మాత్రల సంగతే. రెండూ కలిపి కనీసం కొన్ని నెలలు, తర్వాత ఆస్పిరిన్ ఇంకా చాలా కాలం. క్లోపిడోగ్రెల్ కొందరి ఒంటికి సరిగ్గా పనిచేయదు, ఆపరేషన్‌కి ముందే రక్తపరీక్షతో చూస్తారా అని తప్పకుండా అడగండి. పన్ను పీకించుకోవాలన్నా సరే, డైవర్టర్ పెట్టిన డాక్టర్‌కి ఫోన్ చేయకుండా ఒక్క పూట కూడా మాత్ర ఆపకండి, డైవర్టర్‌లో రక్తం గడ్డకడితే స్ట్రోక్ వస్తుంది.