విద్యార్థులే నడిపే కన్సల్టింగ్ సంస్థ: పాత కస్టమర్‌గా నా సమీక్ష

మాది చిన్న వ్యాపారం. లాబొరేటరీలకు గాజుసామాను, చిన్నాచితకా పరికరాలు అమ్ముతాం. మార్కెట్ సర్వేలు, కేటలాగులు, వెబ్‌సైటులో మార్పులు వంటి పనులు కొన్నేళ్లుగా ఒక యూనివర్సిటీలోని విద్యార్థుల సంస్థకే ఇస్తున్నాం. పేరు చెప్పను. కింద రాయబోయే ఫిర్యాదులకు కారణమైన పిల్లలంతా ఎప్పుడో డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయారు, ఇప్పుడున్నవాళ్ల మీద ఆ నింద వేయడం న్యాయం కాదు.

ఇలాంటి సంస్థలను జూనియర్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. మొదటిది 1967లో పారిస్‌లో ఎస్సెక్ అనే బిజినెస్ స్కూల్లో పుట్టింది. క్లాసులో విన్న పాఠాన్ని నిజమైన కంపెనీ సమస్య మీద ప్రయోగించి చూడాలన్నది అక్కడి విద్యార్థుల కోరిక. రెండేళ్లు తిరిగేసరికి, 1969లో, ఫ్రాన్స్‌లో ఈ సంస్థలన్నిటికీ ఒక జాతీయ సమాఖ్య వచ్చింది. 1988లో ఈ పద్ధతి సావో పాలోలోని జెటూలియో వర్గాస్ ఫౌండేషన్ అనే విద్యాసంస్థ ద్వారా బ్రెజిల్‌లో అడుగుపెట్టి, పుట్టినచోటికంటే అక్కడే ఎక్కువ విస్తరించింది. 1992లో యూరప్ దేశాల సమాఖ్యలు కూడా ఒక గొడుగు కిందికి వచ్చాయి.

విద్యార్థుల వ్యాపారం అనగానే చాలామందికి హార్వర్డ్ గుర్తొస్తుంది. అక్కడి స్టూడెంట్ ఏజెన్సీస్ ఇంకా పాతది, 1957 నాటిది. కానీ దాని దారి వేరు. చదువు ఖర్చులకు నాలుగు డబ్బులు సంపాదించుకునే వీలు కల్పించడం దాని పని. యూరప్ చార్టర్ విమానాలెక్కే విద్యార్థుల కోసం 1960లో వేసిన 20 పేజీల కరపత్రమే తర్వాత పెద్ద ట్రావెల్ గైడ్ల వరసగా ఎదిగింది. అక్కడ కస్టమరు సరుకో సేవో కొనుక్కుని వెళ్తాడు. జూనియర్ ఎంటర్‌ప్రైజ్‌లో కస్టమరు సమస్యే వాళ్లకు పాఠం.

డబ్బు సంగతి దేశాన్నిబట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో ప్రాజెక్టు చేసిన విద్యార్థికి పారితోషికం ముడుతుంది. బ్రెజిల్‌లో 2016లో వచ్చిన చట్టం ప్రకారం విద్యార్థులది స్వచ్ఛంద సేవే, వచ్చిన ఆదాయం మళ్లీ సంస్థ పనులకే పోవాలి. మేము పని ఇచ్చే సంస్థ రెండో రకం. ఫీజు మామూలు ఏజెన్సీల కంటే బాగా తక్కువే, కానీ జీతం తీసుకోని పిల్లల మీద గొంతు పెంచలేం. పరీక్షల సీజన్లో మెయిలుకు జవాబు రాదు. ఏం చేస్తాం, ఊరుకుంటాం.

ఇక పని నాణ్యత. ఒకసారి మా కస్టమర్ల సర్వే అప్పగించాం. లాబ్ స్టోర్‌కీపర్లకు ఫోన్ చేసి, మేమిచ్చిన ప్రశ్నలు అడగాలి, అంతే. ఆ టీములో ఒక అమ్మాయి తనంతట తాను ఇంకో ప్రశ్న కలిపింది: పోయినసారి పగిలిన వస్తువు ఏది, సరిగ్గా ఎప్పుడు పగిలింది? మేమేమో రవాణాలో పగులుతున్నాయనుకుని ట్రాన్స్‌పోర్టు వాళ్లతో గొడవ పడుతున్నాం. తీరా జవాబులు చూస్తే, కొలజాడీలు ఎక్కువగా స్టోర్ రూములో పెట్టె విప్పేటప్పుడు పగులుతున్నాయి. పెట్టె తలకిందులుగా తెరిచి, కాగితాలు లాగుతుంటే జారిపడుతున్నాయట. అప్పటినుంచి ఏ వైపు తెరవాలో పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేయిస్తున్నాం, ఫిర్యాదులు బాగా తగ్గాయి. అనుభవమున్న ఏజెన్సీ ఆ ప్రశ్న అడిగేది కాదు, ఒప్పందంలో లేదు కాబట్టి.

అయితే అలాంటి అమ్మాయి ఏడాది తిరిగేసరికి ఉండదు. అసలు సమస్య అదే. కొత్త కోశాధికారి వచ్చినప్పుడల్లా ఇన్‌వాయిస్ నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. ఒకే నంబరుతో రెండు బిల్లులు కనబడేసరికి, ఇందులో ఏది దొంగబిల్లని మా అకౌంటెంటు నన్ను పట్టుకునేవాడు. కొత్త అధ్యక్షుడు మొదటి మీటింగులో "సార్, మీరేం అమ్ముతారు?" అని అడగడం ఏటా జరిగే తంతు. వెబ్‌సైటు డొమైన్ ఒక విద్యార్థి సొంత మెయిలు మీద రిజిస్టరైందని, అతను ఉద్యోగంలో చేరి ఫోన్ నంబరు మార్చాకగానీ మాకు తెలియలేదు.

ఫ్రాన్స్‌లో సమాఖ్య ఏటా ఎందుకు ఆడిట్ చేస్తుందో అప్పుడర్థమైంది. పనిచేసేవాళ్లంతా ఏటా మారిపోయే చోట, లెక్కలూ కాగితాలూ బయటివాళ్లు వచ్చి చూడకపోతే ప్రతి బ్యాచీ సంస్థను మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సిందే. మావాళ్లకు అలాంటి పెద్ద దిక్కు లేదు. ఎవరో బుద్ధిమంతుల బ్యాచ్ పూనుకుని ప్రతి క్లయింటుకూ ఒక ఫైలు తెరిచింది. దిగిపోయే కమిటీ కొత్త కమిటీతో కొన్ని వారాలు కలిసి కూర్చుని ఆ ఫైళ్లు అప్పగిస్తుంది. మా ఫైలు ఒకసారి నా కంటబడింది. అందులో నా గురించి: "ఈయనకు స్లైడ్లు చూపించొద్దు. రెండు పేజీల నోట్ చాలు. మధ్యాహ్నం తర్వాత ఫోన్ చేస్తే చిరాకు పడతారు." కాదనలేను. ఆ ఫైలు వచ్చాక ఇన్‌వాయిస్ నంబర్లు కూడా దారిలో పడ్డాయి.

పని ఇద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఒక టర్మ్‌లో మొదలై అదే టర్మ్‌లో ముగిసేవి నిశ్చింతగా ఇవ్వండి: సర్వే, పోటీదారుల ధరల పోలిక, కేటలాగు, కొత్త సరుకు మీద అభిప్రాయ సేకరణ. ఏడాది పొడవునా చూసుకోవాల్సినవి, అంటే పన్ను లెక్కలు, సర్వర్ నిర్వహణ లాంటివి మాత్రం వద్దు. టీమ్ లీడర్ ఏ సంవత్సరం చదువుతున్నాడో ముందే అడగండి. చివరి సంవత్సరమైతే అతనితోపాటు ఒక జూనియర్ కూడా మీటింగులకు రావాలని పట్టుబట్టండి. ఐదు మార్కులకు నేను నాలుగు వేస్తాను.

వచ్చే టర్మ్‌లో కొత్త కేటలాగు కూడా వాళ్లకే ఇస్తున్నాం. డొమైన్ మాత్రం ఇప్పుడు మా పేరు మీదే ఉంది.