ఓటు బస్సు: పోయేటప్పుడు ఐదుకి ఒకటిన్నర, వచ్చేటప్పుడు మూడు

హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం పోయే ఒక ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్ బస్సు గురించి ఇది. పేరు రాయను. ఆ రూట్లో నేనెక్కిన బస్సులన్నీ ఇంచుమించు ఒకే బాపతు, ఒక్కడి పేరు రాసి తిట్టడం ఎందుకు. ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్తుంటాను గానీ రివ్యూ రాయాలనిపించింది మాత్రం 2024 మే ఎన్నికలకి వెళ్లిన ప్రయాణం గురించే. మొన్న సంక్రాంతికి మళ్లీ అదే బస్సెక్కితే అదే దుప్పటి వాసన ముక్కుకి తగిలింది, అంతే, మొత్తం గుర్తొచ్చేసింది.

మామూలు రోజుల్లో నేను కొనే టికెట్ 1,200. పోలింగ్ మే 13 సోమవారం అని తెలిసిన దగ్గర్నుంచీ పెరుగుతూ పెరుగుతూ 11 శనివారం రాత్రికి 2,900కి చేరింది. ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్ రెండూ చూశాను, రెండిట్లోనూ రిగ్రెట్. ఆర్టీసీ స్పెషల్ బస్సులు నేను చూసేసరికే ఫుల్. ఓటు మానేద్దామా అని ఒక పూట అనుకున్న మాట నిజం, కానీ అమ్మ ఫోన్ చేసి "ఊళ్లో అందరూ వస్తన్నారు, నువ్వు రావేటి" అంది, ఇంక ఏం మాట్లాడతాం.

కూకట్‌పల్లిలో ఏడుకి అన్నారు, పదికి తక్కువలో వచ్చింది. టికెట్ మీద ఏసీ స్లీపర్, వచ్చింది వేరే బండి. బెర్త్ నంబర్ కూడా మారింది. క్లీనర్ని అడిగితే "ఓటు రష్షు సార్, అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు, ఓటేదో నేను కనిపెట్టినట్టు. నా తల దగ్గర ఏసీ నుంచి చుక్కలు కారుతున్నాయి, ఎవరో అప్పటికే దానికి ఒక పాత కండువా ముక్క కట్టారు, పార్టీ కండువానే, రంగు వెలిసిపోయింది గానీ ఏ పార్టీదో తెలుస్తూనే ఉంది. చార్జింగ్ పాయింట్ ఉంది, కరెంటు లేదు. పంతంగి టోల్ గేట్ దాటేసరికి అర్ధరాత్రి దాటింది. అది బస్సు వాడి తప్పు కాదు, ఆ రాత్రి విజయవాడ హైవే మీద ఆంధ్రా మొత్తం ఒకేసారి ఇంటికి బయల్దేరినట్టు ఉంది, అందుకు మార్కులు తగ్గించలేదు.

ఎదురు బెర్త్‌లో ఒక తాపీ మేస్త్రీ, అతని వెంట ఇంకో పది మంది, అందరిదీ పలాస వైపు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ పని. పొద్దున్న టీకి ఆపినప్పుడు మాట కలిసింది.

"బాబూ, టికెట్టు ఎంతెట్టి కొన్నావు?"

"2,900."

"మాకు ఉత్తినే. ఆరుగురికి ఒక పార్టీ ఆళ్లు ఏసీనారు, మిగతా ఐదుగురికి ఇంకో పార్టీ ఆళ్లు. అందరం ఒకే బస్సు సెప్పుకున్నాం. నువ్వు ఏ పార్టీ?"

ఏదీ కాదన్నాను. ఆయన నా మొహం చూసి, ఏదో జబ్బు ఉందని చెప్పినట్టు, టీ డబ్బులు తనే ఇచ్చేశాడు.

మన జిల్లా ఓటరుకి పార్టీలు ఎందుకు టికెట్లు కొంటాయో నాకు ఆ బస్సులోనే లెక్క తేలింది. 2019లో శ్రీకాకుళం ఎంపీ సీటు టీడీపీ రామ్మోహన్ నాయుడు గెలిచింది 6,653 ఓట్లతో. రాష్ట్రమంతా ఫ్యాను గాలి వీచి వైసీపీకి 151 అసెంబ్లీ సీట్లు వచ్చిన ఏడు అది, ఆ గాలిలో అంత సన్న మెజారిటీతో నిలబడ్డాడు. మా బస్సులో 36 బెర్తులు. 6,653ని 36తో భాగిస్తే నూట ఎనభై అయిదు బస్సులు. అంటే నూట ఎనభై అయిదు బస్సుల జనం హైదరాబాద్‌లోనే ఆగిపోతే ఎంపీ మారిపోయేవాడన్నమాట. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో మేస్త్రీలుగా, వాచ్‌మెన్‌లుగా మనవాళ్లు ఎంతమంది ఉన్నారో పార్టీ వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఐదేళ్లు ఫోన్ ఎత్తని వాళ్లు కూడా ఏప్రిల్ నెల వచ్చేసరికి ఊళ్లో ప్రతి ఇంటికీ వచ్చి మీ అబ్బాయి నంబర్ ఇవ్వమని అడుగుతారు. ఇందులో ఒక పార్టీ ఎక్కువా ఒకటి తక్కువా అని నాకైతే కనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి గానీ విశాఖ దాటలేదు. తగరపువలస తర్వాత భోగాపురం వచ్చింది. ఎయిర్‌పోర్టు బోర్డు చూసి వెనక బెర్త్ కుర్రాళ్లు మొదలెట్టారు. ఒకే ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశాడు, 2023 మేలో జగన్ మళ్లీ శంకుస్థాపన చేశాడు, మాది అసలు రాయి అంటే మాది అసలు రాయి అని వాళ్ల గోల. నాకు నవ్వొచ్చింది. విజయనగరం అశోక్ గజపతిరాజు గారు 2014 నుంచి 2018 దాకా కేంద్రంలో విమానాల మంత్రి, ఆ ఎన్నికల తర్వాత అదే శాఖ మన రామ్మోహన్ నాయుడికి వచ్చింది. పక్కపక్క జిల్లాల నుంచి ఇద్దరు విమానాల మంత్రులు, మనమేమో పదహారు గంటలు చుక్కలు కారే బస్సులో. ఇది వాళ్ల మీద కోపంతో అంటున్నది కాదు, రామ్మోహన్ పార్లమెంటులో హిందీలో మాట్లాడుతుంటే మా ఆఫీసులో ఉత్తరాది వాళ్ల ముందు నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ గర్వం వేరు, బస్సు వేరు.

రణస్థలం దగ్గర కింద బెర్త్‌లోని ఒక ముసలావిడ కర్టెన్ పక్కకి లాగి రోడ్డు చూస్తూ "ఎర్రన్నాయుడు బాబు పోయింది ఇక్కడే" అంది. రామ్మోహన్ వాళ్ల నాన్న, 2012 నవంబర్ 2న, రోడ్డు ప్రమాదంలో. అప్పటిదాకా ఎయిర్‌పోర్టు రాయి గురించి కొట్టుకుంటున్న కుర్రాళ్లు కూడా ఆగిపోయారు. ఆవిడే కాసేపటికి "బతికున్నప్పుడు ఓడగొట్టీసినాం కదా" అంది. అప్పటికే నాలుగుసార్లు ఎంపీగా గెలిచిన మనిషిని 2009లో కాదని కిల్లి కృపారాణిని గెలిపించింది మన జిల్లానే. ఆవిడ అప్పుడు ఎవరికి వేసిందో అడగలేదు, అడగాలనిపించలేదు. మనవాళ్లకి ఓడించడమూ తెలుసు, ఓడించిన మనిషి కోసం పదిహేనేళ్లయినా ఏడవడమూ తెలుసు, టీవీలో కులం లెక్కలు చెప్పే వాళ్లకి ఈ రెండోది ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయం. నా టికెట్ నరసన్నపేట వరకు. శ్రీకాకుళం కొత్తరోడ్డు జంక్షన్ దగ్గర బస్సు ఆపి డ్రైవర్ "అందరూ దిగిపోండి, బండి వెనక్కి విశాఖ తిప్పాలి, రేపు రాత్రి రిటర్న్ ట్రిప్పు ఉంది" అన్నాడు. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వాళ్లంతా లగేజీతో రోడ్డు మీద. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ముందు పాట, తర్వాత ఇంకో పాట, తర్వాత కట్. మే నెల ఎండ. ముసలావిడ బియ్యం బస్తా మీద కూర్చుంది, హైదరాబాద్ నుంచి బియ్యం ఎందుకు తెస్తోందో ఇప్పటికీ అర్థం కాలేదు.

మేస్త్రీ వాళ్లకి మాత్రం టెన్షన్ లేదు. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లో రెండు ఆటోలు వచ్చాయి, ముందు జెండాతో. "రా బాబూ, నరసన్నపేటలో దింపీమని సెప్తాను" అన్నాడు. ముసలావిడని ఎక్కించారు, నన్నూ ఎక్కించారు. ఓటరుని బూత్ దాకా ఉచితంగా బండిలో తీసుకెళ్లడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి కిందే లెక్క అని నాకు తెలుసు, ఇది బూత్‌కి కాదు కదా, ఊరికే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏ పార్టీ పైసా వద్దని 2,900 పెట్టి కొనుక్కున్న మనిషిని, ఆఖరి ఇరవై కిలోమీటర్లు పార్టీ ఆటోలో. జెండా తాడు ఊడి గాలికి గుడ్డ నా మొహానికే కొడుతోంది, పట్టుకోకపోతే ఊపిరాడదు, పట్టుకుంటే జెండా పట్టుకున్నట్టు ఉంటుంది. పట్టుకున్నాను.

మా ఊరి మలుపులో ఎవరు చూశారో తెలీదు. ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కునేలోపే చిన్నాన్న వచ్చాడు. "ఏరా, ఆ పార్టీలో చేరిపోయావంట, జెండా పట్టుకుని దిగావంట." బస్సు సంగతి మొత్తం చెప్పాను, విన్నాడు, "సరేలే, మాకు చెప్పకపోయినా పర్లేదు" అన్నాడు. సాయంత్రానికి అవతలి పార్టీ ఏజెంటు మా ఇంటికి స్లిప్పులు ఇవ్వడానికి వచ్చి అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి ఇచ్చి, నాది మర్చిపోయాడు. ఓటరు కార్డు ఉంటే స్లిప్పు అక్కర్లేదు కాబట్టి సరిపోయింది.

ఓటు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏడింటికే లైను, ఫోన్ చిన్నాన్న కొడుక్కి ఇచ్చి లోపలికి వెళ్లాను. ఎడమ చూపుడు వేలి మీద సిరా, ఎంపీకి తెల్ల కాగితం అతికించిన మిషన్, ఎమ్మెల్యేకి గులాబీ. నొక్కాక పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోతుంది. 2,900 పెట్టి, పద్దెనిమిది గంటలు వచ్చి, రెండు మిషన్ల ముందు కలిపి పద్నాలుగు సెకన్లు. ఆ పద్నాలుగు సెకన్లు మాత్రం ఎవడి ఆటో కాదు. ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను, మా ఊళ్లో అయితే రాసినా నమ్మరు.

సోమవారం రాత్రి రిటర్న్ బస్సు నిజంగా బాగుంది. అదే ట్రావెల్స్, శుభ్రమైన బండి, చార్జింగ్ పని చేసింది, నరసన్నపేట హైవే మీదే ఎక్కించుకున్నారు, పొద్దున్న పదిన్నరకి కూకట్‌పల్లి. అందుకే మూడు. నాలుగు ఇచ్చేవాణ్నే గానీ ఒక పని చేశారు. సిరా వేలు ఫొటో పంపితే తిరుగు టికెట్‌లో పది శాతం తగ్గింపు అని మెసేజ్ పెట్టారు. ఫొటో పంపాను. కూపన్ వచ్చింది, చెల్లుబాటు మే 12 వరకు. పోలింగ్ 13న. ఎన్నికల కమిషన్ కంటే ఒకరోజు ముందున్నారు వీళ్లు.

జూన్ 4న ఫలితాలు వచ్చేనాటికి నా గోరు మీద సిరా ఇంకా పోలేదు. టీడీపీ కూటమికి 164, వైసీపీకి 11. రామ్మోహన్ మెజారిటీ మూడు లక్షల 27 వేలు దాటింది. మళ్లీ 36తో భాగించాను, ఊరుకోలేక. తొమ్మిది వేల బస్సుల పైమాటే. నా బస్సు మొత్తం పంతంగి దగ్గరే ఆగిపోయినా ఏమీ మారేది కాదు. ఇది చెబితే మా రూమ్మేట్ "మరి 2,900 ఎందుకు తగలేశావు" అన్నాడు. లెక్క ముందే తెలిస్తే పోలింగ్ ఎందుకు, వచ్చేసారి మళ్లీ 6,653 దగ్గర ఆగితే అప్పుడేం చేస్తావు అన్నాను, వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

ఎక్కాలనుకునే వాళ్లకి: నేను పడుకున్న పై బెర్తులు రెండిట్లోనూ ఏసీ కారింది, కింద తీసుకోండి. దుప్పటి ఇంటి నుంచి తెచ్చుకోండి. భోజనానికి ఆపే దాబాలో పప్పు ఒక్కటే తినేలా ఉంటుంది. దిగే చోటు టికెట్ మీద ఏదున్నా శ్రీకాకుళమే అనుకుని బయల్దేరండి.

మొన్న సంక్రాంతికి కూడా కొత్తరోడ్డు దగ్గరే దించేశారు. ఈసారి సరుకులు కొనడానికి శ్రీకాకుళం వచ్చిన అమ్మ అక్కడే కలిసింది, ఇద్దరం పల్లెవెలుగు ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి కూటమి ప్రభుత్వం ఆడవాళ్లకి ఫ్రీ చేసింది కదా, అమ్మ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది, నాకు మాత్రం డబ్బులు పడ్డాయి. ఇంటికి చేరేసరికి చిన్నాన్న అరుగు మీదే ఉన్నాడు.

"ఈసారి ఎవరి బండిలో వచ్చావురా?"

"అమ్మ ఫ్రీ బస్సులో చిన్నాన్నా."

"అంటే అదే పార్టీలో ఉన్నావన్నమాట ఇంకా."