18 ట్యూబుల నీటిరంగుల పెట్టె: నాలుగేళ్లు వాడాక

ఈ పెట్టె చెన్నైలో, టి.నగర్‌లోని ఒక స్టేషనరీ దుకాణంలో మా అమ్మాయి డ్రాయింగు క్లాసు కోసం కొన్నది. విద్యార్థులకని అమ్మే రకం, 18 ట్యూబులు, ఒక్కొక్కటి 5 మిల్లీలీటర్లు. నెల తిరగకుండానే అమ్మాయి క్లాసు మానేసింది, నేను మొదలుపెట్టాను. నాలుగేళ్లుగా ఆదివారం ఉదయాలు దీనితోనే గడుస్తున్నాయి. ఈ ధరలో దొరికే పెట్టెలన్నీ కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు చెప్పడం లేదు.

మొదటి ఏడాదంతా రంగుల్నే తిట్టుకున్నాను. ఆకాశం వేస్తే మరకలు, కొబ్బరిచెట్టు వేస్తే బురద. తప్పు రంగులది కాదు, కాగితానిది. మామూలు డ్రాయింగు పుస్తకంలో తడి తగిలిన పేజీ నూనెలో పడిన అప్పడంలా లేచేది. ఒకరోజు ధైర్యం చేసి నూరు శాతం నూలు కాగితం, 300 జీఎస్ఎంది, ఒక్క షీటు కొన్నాను. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అదే నీలం, అదే కుంచె, కానీ ఆకాశం పైనుంచి కిందికి ఒకే పూతగా దిగింది. ఆ షీటు ఖరీదు మొత్తం పెట్టె ఖరీదుకు దగ్గరగా ఉందని ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కాగితాన్ని కూడా మన సముద్రపు గాలి వదలదు. చీరకు గంజి పెట్టినట్టు నీటిరంగుల కాగితానికి జిగురు పట్టిస్తారు, దాన్ని సైజింగ్ అంటారు. రంగు లోపలికి ఇంకిపోకుండా కాసేపు పైన నిలిచేది దానివల్లే. ఒక వానాకాలం బీరువా మీద, చెమ్మగోడ పక్కన పెట్టిన షీట్లను నవంబరులో తీసి కుంచె ఆనిస్తే, అద్దుడు కాగితంలా రంగును చుక్కలు చుక్కలుగా పీల్చేశాయి. నాలుగు షీట్లు పోయాయి. ఇప్పుడు చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి దాస్తున్నాను.

ఇక ట్యూబుల మీద ఉండే చిన్న అక్షరాలు. నేను రెండేళ్లు చదవలేదు, మీరు మొదటి రోజే చదవండి. అల్ట్రామెరైన్ అనే నీలం మీద పీబీ 29 అని ఉంటుంది, అది వర్ణకం, అంటే రంగునిచ్చే పొడి, సంఖ్య. కాగితం మీద ఈ నీలం సన్నని రేణువులుగా గుంటల్లో కూర్చుంటుంది. దీన్నే గ్రాన్యులేషన్ అంటారు, వానమబ్బుకు ఇంతకంటే మంచిది లేదు. మా అమ్మ పళ్లెంలో చూసి, “ఇది బట్టలకు పెట్టే నీలమే కదే!” అంది. నిజమే. ఒకప్పుడు అఫ్ఘానిస్తాన్ లాజవర్దం రాయిని నూరి తీసిన ఈ రంగును 1828 ప్రాంతంలో ఫ్రాన్సులో, జర్మనీలో కృత్రిమంగా చేశారు. అప్పటినుంచి అది చాకిరేవుదాకా వచ్చింది. దానితో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి మట్టిరంగు కలిపితే వచ్చే బూడిదరంగు ముందు పెట్టెలోని నలుపు వెలవెలబోతుంది.

పసుపు ట్యూబు మీద కాడ్మియం యెల్లో పక్కన ‘హ్యూ’ అనే మాట ఉంది. అందులో కాడ్మియం లేదని, ఆ ఛాయను చవకైన వర్ణకంతో తెచ్చారని అర్థం. మోసం కాదు, చెప్పే అమ్మారు. రెండో పూత వేసేసరికి సుద్ద తేలుతుంది, అంతే.

అసలు నిరాశ ఎరుపులది. పడమటి కిటికీ అద్దానికి రంగుల చారలున్న కాగితం అంటించి, సగం వంటింటి అల్యూమినియం రేకుతో కప్పాను. సంక్రాంతికి పెట్టి వినాయక చవితికి తీస్తే నీలం, సియెన్నా చెక్కుచెదరలేదు. క్రిమ్సన్ సగానికి సగం వెలిసింది, పింకు ఆనవాలు లేదు. క్రిమ్సన్ మీద పీఆర్ 83 అని ఉంది, అంటే అలిజరిన్. కలంకారీకి ఎరుపునిచ్చే చిరివేరులో ఉండేదీ అదే, కానీ పటికతో గుడ్డను పట్టుకున్నంత గట్టిగా పల్చటి పూతలో కాగితాన్ని పట్టుకోదు. అందుకే ఎరుపు ఒక్కటి విడిగా కొన్నాను, వెలుగుకు నిలిచే రకం, ఒక్క ట్యూబు.

తెలుపు ట్యూబు ఇంకా ముప్పావు వంతు ఉంది. ఈ మాధ్యమంలో తెలుపంటే వదిలేసిన కాగితమే. తెలుపు కలిపి చిక్కగా వేస్తే గ్వాష్ అవుతుంది, అది వేరే రుచి. ఆరిన పూత మీద పల్చగా ఇంకో పూత వేయడం గ్లేజింగ్, తడి మీద తడి వేస్తే అంచులు కరిగిపోతాయి. ఇక్కడ మే నెలలో ఫ్యాను కింద మొదటిది సులువు, నవంబరులో రెండోది. అరగంటైనా ఆరని పూత మీద పొరపాటున నీటిచుక్క పడితే కాలీఫ్లవర్‌లా విచ్చుకునే మరకను బ్లూమ్ అంటారు. నా దగ్గర వాటితో ఒక తోటే ఉంది.

ఈ మధ్య చెన్నైలో ఈంజంబాక్కంలోని చోళమండలం అనే చిత్రకారుల గ్రామానికి వెళ్లాను. 1966లో దాన్ని నెలకొల్పిన చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తొలిరోజుల్లో నీటిరంగుల ప్రకృతి దృశ్యాలకే పేరు పొందారు. నాలుగేళ్ల కింద అయితే బొమ్మలో ఏముందో మాత్రమే చూసేదాన్ని. ఈసారి గోడల మీది ప్రతి బొమ్మ ముందూ కాగితం ఎక్కడ వదిలారో, ఏ పూత మీద ఏ పూత పడిందో వెతుకుతూ నిలబడిపోయాను. తోడొచ్చిన మా అక్కకు కాళ్లు నొప్పి పుట్టాయి.

మళ్లీ కొంటానా అంటే, పెట్టె కొనను. విడిగా అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా, ఒక పసుపు, ఆ ఎరుపు కొని, మిగిలిన డబ్బు కాగితానికి పెడతాను. అల్ట్రామెరైన్ ట్యూబును కత్తెరతో చీల్చి చివరి చుక్కదాకా వాడాను. పింకు కూడా అయిపోవచ్చింది. దాన్ని పుట్టినరోజు కార్డులకు వాడుతున్నాను, అవి ఎలాగూ సొరుగులో చీకట్లోనే ఉంటాయి.