రోహిణి కార్తెలో రీమ్యాప్ బండి: పోలో జీటీతో నా అనుభవం

2015లో కొన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మీటరు 1,08,000 దాటింది. అందులో 70,000 కిలోమీటర్లు రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవరు పెంచడం) చేయించాక తిరిగినవే. 'పికప్ ఎలా ఉంది?' అని ఎవరైనా అడిగితే 'ఏ నెలలో?' అంటాను. డిసెంబరు తెల్లవారుజామున విజయవాడ వారధి దాటి గుంటూరు దారి పట్టామా, కాజ టోల్‌గేటు దాకా మొహం మీద నవ్వు చెరగదు. అదే బండి రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పావుగంట నిలబడి బయటపడితే కాలు ఎంత నొక్కినా మూలుగుతుందే తప్ప కదలదు. రోళ్లే పగిలే ఎండ, ఇక ఇంజినెంత!

కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు 105 పీఎస్ పవరు, 175 న్యూటన్ మీటర్ల టార్క్. 2018లో స్టేజ్ 1, అంటే రీమ్యాప్‌లో మొదటి మెట్టు, చేయించాను. 130 పైన వస్తుందన్నారు. వచ్చింది కూడా, చలికాలంలో. ఎండాకాలం ఏమవుతుందో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం అడుగున చెయ్యి కాలుతుంది కదా, గాలిని నొక్కి ఇంజిన్లోకి పంపే నా బండి టర్బోలో జరిగేదీ అదే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 45 డిగ్రీల గాలిని 0.8 బార్ బూస్టుకు (టర్బో పెంచే అదనపు పీడనం) నొక్కితే అది 100 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పల్చన. ఇంజిన్లోకి వెళ్లే గాలి 30 నుంచి 60 డిగ్రీలకు పెరిగితే, అదే బూస్టులో ఆక్సిజన్ దాదాపు 9 శాతం తగ్గుతుంది. పైగా వేడికి పెట్రోల్ తనంతట తానే అంటుకుంటుందనే (నాకింగ్) భయంతో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయాన్ని (ఇగ్నిషన్ టైమింగ్) వెనక్కి లాగుతుంది. రీమ్యాప్‌కు డబ్బు పోసి కొన్న పవరు అక్కడే హరించుకుపోతుంది.

టర్బో అయినా సూపర్‌చార్జర్ అయినా ఈ బాధ తప్పదు. అమెరికాలో ఉన్న మా బావ దగ్గర 2005 నాటి మినీ కూపర్ ఎస్ ఉండేది. గాలిని నొక్కే దాని సూపర్‌చార్జర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. బావ దాని పుల్లీ మార్చి చిన్నది వేయించాడు. పుల్లీ చిన్నదైతే సూపర్‌చార్జర్ ఇంకా వేగంగా తిరుగుతుంది, బూస్టూ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. దాని ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చేది) ఇంజిన్ నెత్తి మీదే ఉంటుంది, బానెట్‌కున్న రంధ్రంలోంచి గాలి తగిలితేనే చల్లబడేది. సిగ్నల్లో ఆగితే పొయ్యి మీద పెనమే. సంక్రాంతికి వచ్చినప్పుడు నా బండి తోలి చూసి, "ముందు చల్లార్చడం నేర్చుకోరా, తర్వాత పవరు సంగతి" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను.

నేను చేసిన మొదటి తప్పు, కంపెనీ ఎయిర్‌బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ (పైకప్పు లేని గాలి ఫిల్టర్) పెట్టడం. ఆ బుస్సుమనే చప్పుడుకు పడిపోయాను, ఒప్పుకోవాలి. కానీ అది పీల్చేది బానెట్ కింద కాగిన గాలి. బండి రీడింగులు ఫోన్‌కు పంపే ఓబీడీ పరికరం పెట్టి చూస్తే, హైవే మీద 55 దగ్గర ఉండే ఇన్‌టేక్ (ఇంజిన్లోకి వెళ్లే గాలి) ఉష్ణోగ్రత రామవరప్పాడు రింగు దగ్గరికొచ్చేసరికి 80కి పోయేది. ఎనిమిది నెలలు భరించి, పాత ఎయిర్‌బాక్సే తిరిగి బిగించాను. ముందు గ్రిల్ నుంచి గాలి తెచ్చే ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని తక్కువ అంచనా వేయకండి.

అసలు దెబ్బ 2021 మే నెలలో తగిలింది. ఈ బండి ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) లోపలే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. దానికంటూ వేరే చిన్న రేడియేటర్, వేరే ఎలక్ట్రిక్ పంపు. ఆ పంపు చడీచప్పుడు లేకుండా పోయింది. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే 90 మీద కూర్చుని ఉంది, ఎందుకంటే అది చెప్పేది ఇంజిన్ నీళ్ల సంగతి మాత్రమే. రెండుసార్లు గట్టిగా తొక్కితే బండి నీరసపడిపోయేది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చూసి, "థర్మోస్టాట్ పీకేద్దాం సార్, ఇక గొడవే ఉండదు" అన్నాడు. ఆ మాట విన్నాక దండం పెట్టి వచ్చేశాను. థర్మోస్టాట్ ఇంజిన్ నీళ్ల వేడిని అదుపులో ఉంచేది; తీసేస్తే ఇంజిన్ పని చేయాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. ఇంటర్‌కూలర్‌కు దానివల్ల ఒరిగేది సున్నా. ఇంకోచోట ఫోన్లో రీడింగులు చూపించాక పంపు పట్టుకున్నారు. మార్చగానే ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 60 కిందికి వచ్చింది.

బంపర్ విప్పినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, రాత్రి హైవే పురుగులు, వరి పొట్టు కలిసి చాప అల్లినట్టు పేరుకున్నాయి. ఇప్పుడు ఏటా ఉగాదికి ముందే వెనకవైపు నుంచి తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టించి కడిగిస్తాను. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్లు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు (ఫిన్నులు) వంగిపోతాయి, పక్కనే నిలబడి చూసుకోవాలి. ఈ మొత్తంలో అతి చవకైన పని ఇదే, రీమ్యాప్ తర్వాత నాకు బాగా తేడా తెలిసిందీ ఇదే. కూలెంట్‌లో మాత్రం కుళాయి నీళ్లు కలపనివ్వను, లోపల గార కడుతుంది.

మిగతావి పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. ఆయిల్ 7,500 కిలోమీటర్లకే మారుస్తున్నాను, స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి) వేయించాను, మార్చి నుంచి జూన్ దాకా నాకింగ్‌ను బాగా తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలే. నా బండి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ (డీఎస్‌జీ)కు ఉన్నవి నూనెలో మునగని డ్రై క్లచ్‌లు, పాకిస్తే వేడెక్కుతాయి కాబట్టి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించను. ముందు బండి పది గజాలు కదిలాకే బ్రేకు వదులుతాను, వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ. 85,000 దగ్గర క్లచ్ ప్యాక్ మార్పించాను, ఆ బిల్లు రీమ్యాప్ కంటే ఎక్కువ. రీమ్యాప్‌తో వారంటీ పోతుందని, ఇన్సూరెన్సు క్లెయిమ్‌లోనూ ఇబ్బంది రావొచ్చని తెలిసే దిగండి. నేను వారంటీ ముగిశాకే చేయించాను.

స్టేజ్ 2 మాట ఇప్పుడు ఎత్తను. మళ్లీ మొదలుపెట్టే అవకాశం వస్తే ముందు పంపు, రేడియేటర్లు చూపించి, ఓబీడీ కొని ఒక ఎండాకాలమంతా రీడింగులు రాసుకుని, అప్పుడు రీమ్యాప్‌కు వెళ్తాను.

ఎండన పడి ఇంటికొచ్చి కీ తీసినా లోపల పంపు, ఫ్యాను కాసేపు గుయ్‌మంటూనే ఉంటాయి. ఏడేళ్లుగా అమ్మ వరండాలోంచి అదే కేక: "ఒరేయ్, బండి ఆపడం మర్చిపోయావు!"